ఇంటికి ముందు ఇంటిస్థలము

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అను సామెత శ్రోతలందరును ఎరిగినదే. ఈ రెండు కార్యములలోను గృహస్థుని సంపద, సత్తువ, ఓర్పు ఒక్కసారిగా పరీక్షకు వచ్చునని దాని భావము. కాని ఆ సామెతను మరల ఒకమారు జాగ్రత్తగా వినుడు. అందు ఇల్లు కట్టుటను గూర్చియే గాని, కట్టుటకు స్థలము కొనుటను గూర్చి ఒక్క మాటయు లేదు. అది పుట్టిన నాటికి పల్లెలో ఇంటిస్థలము కొనుట ఒక కార్యమని ఎవరును తలంచియుండరు. ప్రతి ఊరికిని గ్రామకంఠమని కొంత భూమి ఉండెడిది. అది సాగునకు చేరదు, శిస్తునకు లోబడదు. ఊరివారి నివాసమునకై విడువబడినది. కొడుకు వేరుపడినచో పెరటిలోనో, పక్కనున్న ఖాళీచోటనో నాలుగు గోడలు లేపుకొనెడివాడు. ఈ సౌకర్యము అందరికిని సమానముగా ఉండెనని మేము చెప్పబోము. ఎవరు ఏ దిక్కున గుడిసె వేసికొనవలెనో కులమును బట్టి ఊరు నిర్ణయించెడిది. దళితుల వాడలు ఊరి వెలుపలనే ఉండెను. ఐనను తల దాచుకొను చోటు అంగడిలో సరుకు కాలేదు. నేడు అది సరుకైనది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఆ ఒక్క మార్పు చుట్టును తిరుగును.

ఇందల్వాయిని ఉదాహరణముగా తీసికొందము. నిజామాబాదు పట్టణమునకు ఆగ్నేయముగా, అడవి అంచున ఉన్న ఊరది. రామాలయము గల ఊరు. తునికాకు దొరకు అడవులు గల ఊరు. సికింద్రాబాదునుండి నిజామాబాదు పోవు రైలుదారిలో దానికొక స్టేషను కలదు. హైదరాబాదునుండి నాగపురము పోవు జాతీయ రహదారి, పూర్వము 7వ నంబరుగా, ఇప్పుడు 44వ నంబరుగా పిలువబడునది, ఆ ఊరి దాపుననే సాగును. ఆ రహదారిపై ఇందల్వాయి టోలుగేటు వాహనములవారందరికిని పరిచితమైనదే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఇందల్వాయి డిచ్‌పల్లినుండి విడివడి మండల కేంద్రమైనది. అంతకు పదేండ్లు ముందుగా, 2006లో, డిచ్‌పల్లి వద్ద తెలంగాణ విశ్వవిద్యాలయము వెలసినది. రోడ్డు విశాలమైనది, ఆఫీసులు వచ్చినవి, విశ్వవిద్యాలయము దాపునకు వచ్చినది. ఇవన్నియు ఊరికి మేలే. కాని ఊరికి జరిగిన ప్రతి మేలును భూమి తన ధరలో కలుపుకొనును. ఆ మేలువలన కూలివాని కూలి ఎంత పెరిగినదో గాని, అతడు నిలువదలచిన నేల ధర అంతకు ఎన్నో రెట్లు పెరిగినది.

ఈ పెరుగుదలను గుర్తించుటకు ఒక సులభమైన ఆనవాలు కలదు. రైతు తన భూమిని ఎకరములలోను, గుంటలలోను చెప్పును. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 గజములు, వెరసి ఎకరమునకు 4,840 గజములు. అదే భూమిని వెంచరు వేయువాడు గజములలో చెప్పును. పొలము అదే, మట్టి అదే, గట్టున ఉన్న వేపచెట్టు అదే. కొలత మాత్రము మారును. కొలతతో పాటు కొనుగోలుదారును మారును. పంట పండించుటకు కొనువాడు తొలగి, ధర పెరుగునని కొనువాడు వచ్చును. నిజామాబాదు జిల్లానుండి అర్ధశతాబ్దముగా ఎందరో గల్ఫుదేశములకు పోయి, ఎండలో చెమటోడ్చి సంపాదించి పంపుచున్నారు. ఆ సొమ్మును ఎచట దాచవలెను? కూతురి పెండ్లికి పనికివచ్చునని ఒక ప్లాటు కొందురు. ఇందులో తప్పు పట్టుటకేమియు లేదు. కాని పెండ్లికై ప్లాటు కొనువాడును, రాత్రి పండుకొనుటకు చోటు వెదకువాడును ఒకే గజముకొరకు ఒకే అంగడిలో పోటీపడుచున్నారు. ఈ పోటీలో గెలుచువాడు ఎవడో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు.

ఇంటి వెలను విడదీసి చూచినచో నాలుగు భాగములు కనబడును. నేల, సామాను, కూలి, అప్పుపై వడ్డీ. సామానులో పొదుపు చేయవచ్చును. మన తాతలు మట్టిగోడలు పెట్టి, అడవిదూలములు వేసి, గూనపెంకులు కప్పుకొనిరి. నేడు సిమెంటు, ఇనుము లేక ఇల్లు లేదన్న నమ్మకము బలపడినను, ఇంటిని చిన్నది చేసి ఖర్చు తగ్గించుకొను మార్గము ఇప్పటికిని కలదు. కూలిలోను కొంత పొదుపు కలదు. ఇంటివారే రాళ్ళు మోసి, నీళ్ళు పట్టి, గోడలు తడుపుకొందురు. (ఇటుకల మాట వచ్చినది గనుక ఒక సంగతి. తెలంగాణమునందలి ఇటుకబట్టీలలో పనిచేయువారిలో అనేకులు పశ్చిమ ఒడిశానుండి కుటుంబములతో వలస వచ్చినవారు. అందరి గోడలకు ఇటుక చేయు ఆ కుటుంబములు బట్టీ పక్కనే నడుము వంచి దూరవలసిన గుడిసెలలో ఉందురు.) పొదుపునకు లొంగనిది నేల ఒక్కటే. సిమెంటు ధర పెరిగినచో మరియొక ఫ్యాక్టరీ పెట్టవచ్చును. ఇందల్వాయి బస్టాండు దాపున నేల ధర పెరిగినచో మరియొక బస్టాండుదాపు నేలను ఎవడును తయారు చేయలేడు.

ఇప్పుడు ప్రభుత్వము చేసిన సహాయము ఏ భాగమునకు చేరినదో చూతము. స్వాతంత్ర్యానంతరము 1952లో పారిశ్రామిక కార్మికుల ఇండ్లకు కొంత సబ్సిడీగా, కొంత అప్పుగా ఇచ్చు పథకము వచ్చినది. 1954లో తక్కువ ఆదాయముగలవారికి ఇండ్లఋణములు, 1957లో గ్రామగృహ పథకము వచ్చినవి. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1985లో కేంద్రము ఇందిరా ఆవాస్ యోజనను ఆరంభించినది. 2016లో దాని స్థానమున ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన వచ్చినది. 2006లో ఆంధ్రప్రదేశమున ఇందిరమ్మ పథకము. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015నుండి రెండు పడకగదుల ఇండ్లు. పేర్లు మారినవి, మొత్తములు పెరిగినవి. మధ్యమధ్య ఇంటిస్థలముల పట్టాలు ఇచ్చిన మాటయు వాస్తవమే. కాని సొమ్ములో అధికభాగము గోడలకును, కప్పునకునే చేరుచు వచ్చినది.

రెండు పడకగదుల పథకము ఈ మాటకు కొంత మినహాయింపు. అందు లబ్ధిదారుడు పైసా పెట్టనక్కరలేదు; ప్రభుత్వమే 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఇచ్చును. సికింద్రాబాదు బన్సీలాల్‌పేట ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇండ్లు 2015 నవంబరులో మొదటగా పూర్తియైనవి. ఉన్నచోటనే పాత ఇండ్లు తీసి క్రొత్తవి కట్టుట అచటి విశేషము. పనికి, బడికి, ఆసుపత్రికి దారి మారలేదు. కాని ఒక్కొక్క ఇంటికి మొత్తము ఖర్చు ప్రభుత్వమే భరించునప్పుడు ఇండ్ల సంఖ్య తగ్గక తప్పదు. అడిగినవారు లక్షలలో ఉండగా దొరికినవారు కొందరే ఐరి.

ఈ చిక్కునకు విరుగుడుగా తరువాతి పథకము రెండవ దారి పట్టినది. 2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము సొంత స్థలము గలవారికి ఇల్లు కట్టుకొనుటకు 5 లక్షల రూపాయలు ఇచ్చును. నియోజకవర్గమునకు 3,500 చొప్పున, మొత్తము నాలుగున్నర లక్షల ఇండ్లు తొలివిడత లక్ష్యము. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. సొమ్ము ఒక్కమారు చేతికి రాదు. పునాది, గోడలు, స్లాబు, ముగింపు అను దశలవారీగా ఖాతాలో పడును. పునాది పూర్తియైన తరువాతనే మొదటి లక్ష వచ్చును గనుక, ఆ పునాదికి కావలసిన సొమ్మును ఇంటివారే ముందుగా తేవలెను. కొన్నిచోట్ల మహిళాసంఘముల అప్పు ఆదుకొన్నది; అది లేనిచోట వడ్డీవ్యాపారియే దిక్కు. ఈ సంగతి కాగితముపై చిన్నదిగా కనబడును. మట్టిగోడ పడగొట్టి, పిల్లలతో పరదా కింద చేరిన కుటుంబమునకు చిన్నది కాదు.

అంతకంటె ముఖ్యమైనది జాబితాల సంగతి. దరఖాస్తుదారులను అధికారులు మూడు భాగములుగా విభజించిరి. సొంత స్థలము ఉండి పక్కా ఇల్లు లేనివారు ఎల్-1. స్థలమును లేక, ఇల్లును లేనివారు ఎల్-2. తక్కినవారు ఎల్-3. తొలివిడత ఎల్-1 వారికి. పరిపాలనకు ఇది సులభము. స్థలమున్నచోట పని రేపే మొదలు పెట్టవచ్చును. కాని దీని అర్థమేమి? ఎవనికి అందరికంటె తక్కువ ఉన్నదో వాడు రెండవ వరుసలో నిలువవలెను. ఎల్-2 జాబితాలోని కుటుంబము వేచియున్నంతకాలము, అది కొనవలసిన స్థలము వెల వేచియుండదు. నేడు 5 లక్షలు ఇల్లు లేపుటకు చాలునని ఒప్పుకొన్నను, స్థలము లేనివానికి ఆ 5 లక్షలు అక్కరకు రావు. వానికి కావలసినది సహాయములో మొదటి భాగము. ఇచ్చుచున్నది రెండవ భాగము.

మా జిల్లాలో ఈ ఎల్-2 వారు ఎవరు? కౌలుకు పొలము దున్నువారు, బట్టీకూలీలు, ఒంటరి స్త్రీలు, మరియు పెక్కుమంది బీడీకార్మికులు. నిజామాబాదు జిల్లాలో బీడీలు చేయు స్త్రీలు వేలకొలది కలరు. బీడీ చేయు స్త్రీకి ఇల్లు కేవలము నిదురపోవు చోటు కాదు; అదియే ఆమె పనిచోటు. ఆకు తడుపుకొనుటకు చోటు కావలెను, తంబాకు చెమ్మగిల్లకుండ పొడినేల కావలెను, చాట ఒడిలో పెట్టుకొని సాయంకాలము వరకు కూర్చుండుటకు వెలుతురు కావలెను. వాన కురిసి కప్పు కారిన దినమున ఆమెకు నిద్రతో పాటు కూలియు పోవును. 1976నాటి చట్టముల ప్రకారము బీడీలపై సుంకము వసూలు చేసి, ఆ నిధినుండి కార్మికుల వైద్యమునకు, పిల్లల చదువునకు, ఇండ్లకు సహాయము చేసెడివారు. ఇంటికి ఇచ్చు సబ్సిడీ 2007లో 40 వేల రూపాయలుగను, 2016లో లక్షన్నరగను నిర్ణయింపబడినది. ఆ పథకమునందును సొంతస్థలము ఉండవలెనన్నదే నియమము. 2017లో జి.ఎస్.టి. రాకతో ఆ సుంకమే రద్దయినది.

ఇచట బోధనును తలంచుకొనక పోరాదు. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు ప్రాజెక్టు మంజీర నీటిని కాలువలకు ఎక్కించినది. నీరు వచ్చినచోటికి మనుష్యులు వత్తురు. కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి కాలువల వెంట స్థిరపడిరి. వారు దిగిన చోట్లకు క్యాంపులని పేరు. మూడు తరములు గడచి, మేడలు లేచిన తరువాతను ఆ ఊళ్ళ పేర్లలో 'క్యాంపు' అను మాట పోలేదు. నీటి వెంట చెరకు, చెరకు వెంట 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చినవి. ఫ్యాక్టరీతో పాటు శక్కర్‌నగర్ అను ఊరే వెలసినది. కార్మికులకు, ఉద్యోగులకు క్వార్టర్లు, బడి, వైద్యశాల అమరినవి. ఆ కాలమున దేశమునందు ఇంతకంటె మంచి గృహవసతి గల కార్మికులు అనేకులు ఉండియుండరు. జీతముతో పాటు ఇల్లును వచ్చెను గనుక, నేల ధర ఎంతయో ఆ కుటుంబములు విచారింపనక్కర లేకపోయెను.

అందే చిక్కు దాగియున్నది. ఉద్యోగముతో వచ్చిన ఇల్లు ఉద్యోగమునకు కట్టుబడియుండును. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యము కిందికి పోయినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసివేసిరి. జీతము ఆగిపోయిన కార్మికునికి, తాను ముప్పది ఏండ్లు కాపురమున్న క్వార్టరు తనది కాదన్న సంగతి అప్పుడు గుర్తునకు వచ్చును. బోధనులో నేల చవుకగా ఉన్న రోజులలో అతడు కొనలేదు, కొనవలసిన అవసరము లేకపోయినది. ఇప్పుడు కొనవలెనన్నచో ధర పెరిగినది, ఆదాయము పోయినది, వయస్సు మీరినది. యజమాని కట్టించు ఇండ్లను మేము తక్కువచేసి చెప్పుట లేదు. కాని ఇంటిపై హక్కు పనిచేయు కాలమును మించి నిలిచినగాని అది వృద్ధాప్యమునకు ఆసరా కాజాలదు.

ఇక కార్మికులే కూడి కట్టించుకొన్న ఇండ్లు చూతము. అందులకు మనము సరిహద్దు దాటి షోలాపురము పోవలెను. అచటికి తెలంగాణమునుండి పద్మశాలీలు మగ్గములపై బ్రతుకుటకు తరతరములుగా వలసపోయిరి. మగవారు మిల్లులలోను, మరమగ్గములపైనను పనిచేయగా, స్త్రీలు బీడీలు చేయుటకు కూర్చుండిరి. ఆ వాడలలో ఇప్పటికిని తెలుగే వినబడును. మన నిజామాబాదు బీడీకార్మికురాలికిని, షోలాపురము కార్మికురాలికిని పని ఒక్కటే, భాష ఒక్కటే. నగరములో ఇరుకుగదులలో అద్దెకుండి, ఆ గదిలోనే ఆకు కత్తిరించుకొను ఆ స్త్రీలు 1990లనుండి ఇండ్లకొరకు సంఘటితమైరి. శాసనసభ్యుడుగా పనిచేసిన కార్మికనాయకుడు నర్సయ్య ఆడం వారికి ముందు నిలిచెను. ఆయనయు తెలుగువాడే.

వారు చేసిన పనిలో మేము ప్రధానముగా గమనించినది ఒక్కటి. సబ్సిడీ కొరకు చేయి చాపుటకంటె ముందే నేలను చూచుకొనిరి. నగరములో గజము కొనుట తమవల్ల కాదని గ్రహించి, సహకారసంఘముగా ఏర్పడి, నగరము వెలుపల కుంభారి గ్రామమున భూమి సమకూర్చుకొనిరి. ఆ తరువాత ఇంటికి అయిన సుమారు 60 వేలలో 20 వేలు కేంద్రము, 20 వేలు మహారాష్ట్ర ప్రభుత్వము, 20 వేలు కార్మికురాలు భరించిరి. ఈ విధముగా పదివేల ఇండ్లు లేచినవి; ఇండ్లు స్త్రీల పేరిటనే ఉన్నవి. ఆదివాసీల పోరాటనాయకురాలైన గోదూతాయి పరుళేకర్ పేరు ఆ కాలనీకి పెట్టిరి. 2006 సెప్టెంబరులో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగు దానిని ప్రారంభించెను. విడివిడిగా అంగడికి పోయినచో ఆ 20 వేలకు ఒక స్త్రీకి నగరములో మంచము వేయు చోటును దొరకియుండదు. పదివేలమంది కూడి ఒక్కమారు అడుగుటచే అది ఇంటికి మూడవ వంతు అయినది.

అదే కుంభారిలో తరువాత రే నగర్ అను పేర అసంఘటిత కార్మికులకై 30 వేల ఇండ్ల పథకము వచ్చినది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 2019 జనవరిలో శంకుస్థాపన జరిగి, 2024 జనవరి 19న 15 వేల ఇండ్ల తాళపుచెవులు లబ్ధిదారులకు అందినవి. ప్రారంభించినవాడును, శంకుస్థాపన చేసినవాడును ప్రధాని నరేంద్ర మోదీయే. పథకమునకై పోరాడినవారు ఆయన రాజకీయమునకు పూర్తిగా ఎదురుపక్షమువారు. ఇంటి విషయమున ఇట్టి వింతలు జరుగుచుండును.

ఊరికి దూరముగా పోయి ఇల్లు కట్టుకొనుటలో కష్టము లేదనుకొనరాదు. నేల ఎంత చవుకయో, అది పనిచోటునుండి అంత దూరము. బస్సు రావలెను, నీరు రావలెను, బడి రావలెను. 2023 జూన్ 22న ప్రారంభమైన హైదరాబాదు శివారు కొల్లూరు కాలనీలో 15,660 రెండు పడకగదుల ఇండ్లు ఒక్కచోటనే కలవు. చూచుటకు అది ఒక పట్టణమే. కాని పాతబస్తీలో ఇండ్లలో పాచిపని చేయు స్త్రీకి అచటినుండి దినమును రాకపోకలు సాధ్యమా అన్న ప్రశ్నకు కాలనీ సౌందర్యము సమాధానము కాజాలదు. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 25న కాకినాడ వద్ద కొమరగిరిలో ఆరంభించి 30 లక్షలకు పైబడి కుటుంబములకు ఇంటిస్థలములు ఇచ్చు పని చేపట్టిరి. పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు. నేలను ముందుగా ఇచ్చుట అను సూత్రము సరియైనదే. ఇంత పెద్ద ఎత్తున అది మరియొకచోట జరిగినట్లు లేదు. కాని అనేకచోట్ల ఆ నేల ఊరికి దూరమనియు, పల్లపు భూమియనియు ఫిర్యాదులు వచ్చినవి. సెంటనగా 48 గజములకు కొంచెము పైన. అందు ఇల్లు పట్టును గాని, ఇంటి ముందు ఎండలో ఆకు ఆరబెట్టుకొను చోటు పట్టదు.

లోకములో ఇతరులు ఏమి చేసిరి? వియన్నా నగరము 1923లో ఇండ్లపై పన్ను వేసి, పెద్ద ఇండ్లవారినుండి ఎక్కువ, చిన్న ఇండ్లవారినుండి తక్కువ వసూలు చేసి, 1934 నాటికి 60 వేలకు పైగా ఇండ్లు కట్టి అద్దెకిచ్చినది. అవి అమ్మకానికి రాలేదు గనుక నూరేండ్లైనను నేటికిని సామాన్యులకే ఉపయోగపడుచున్నవి. సింగపూరు 1960లో గృహనిర్మాణ మండలిని స్థాపించి, 1966లో గట్టి భూసేకరణ చట్టము చేసి, నేలను ముందే ప్రభుత్వపరము చేసికొన్నది. నేడు అచట నూటికి సుమారు 80 మంది ఆ మండలి ఇండ్లలోనే కాపురమున్నారు. భూమి కోల్పోయినవారికి అప్పుడు దక్కిన పరిహారము స్వల్పమని చెప్పుకొందురు. అది మనము అనుకరింపదగిన భాగము కాదు. మనదేశమున 2013 భూసేకరణ చట్టము గ్రామీణభూమికి మార్కెట్టు విలువపై రెండునుండి నాలుగు రెట్లవరకు పరిహారము ఈయవలెనన్నది. రైతుపట్ల అది న్యాయము. దానివలన, భూమి కొనుట ఎంత ఆలస్యమైన ఖజానాకు అంత భారమన్న సంగతియు స్పష్టము.

అద్దె సంగతి కొంచెము. ఇల్లనగా సొంత ఇల్లేయని మన మనస్సులలో నాటుకొన్నది. కాని 1908 మూసీ వరద, 1911 ప్లేగు తరువాత హైదరాబాదులో 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు మురికివాడలు తొలగించి, తరగతులవారీగా ఇండ్లు కట్టించి, తక్కువ అద్దెలకిచ్చినది. ఆ బోర్డు 1960లో గృహనిర్మాణ మండలిలో కలిసిపోయినది. తరువాతి మండలి ఇండ్లు అమ్ముటకు అలవాటుపడినది. నిజామాబాదు పట్టణములో మేస్త్రీపనికి వచ్చి రెండేండ్లుండి పోవువానికి పట్టా ఎందులకు? వానికి కావలసినది తాళము పడు గది, నీళ్ళు, మరుగుదొడ్డి. ఈ అవసరమును గూర్చి మన జిల్లాలో మాటలాడువారు తక్కువ.

తిరిగి ఇందల్వాయికి వత్తము. మైకు ముందు అంకెలు చదివినచో శ్రోతకు విసుగు. పత్రికలో తీరికగా చూచుకొనవచ్చును గనుక ఒక లెక్క ఇచ్చుచున్నాము. ఒక ఎకరము తీసికొని, దారులకు, మురుగుకాలువలకు, ఖాళీస్థలమునకు నూటికి 40 వంతులు విడిచినచో 2,904 గజములు మిగులును. ఇంటికి 75 గజముల చొప్పున 38 స్థలములగును. 600 చదరపు అడుగుల ఇల్లనగా సుమారు 67 గజములే గనుక, 75 గజములు ఇరుకైనను చాలును. ఎకరము 30 లక్షలని ఉదాహరణమునకు అనుకొన్నచో స్థలమొక్కంటికి సుమారు 79 వేలు పడును. అదే 75 గజములు వెంచరులో గజము 5 వేల చొప్పున కొన్నచో 3 లక్షల 75 వేలు. ఇవి లెక్కకొరకు వేసికొన్న అంకెలే గాని ఏ ఊరి ధరలును కావు. దారి పోయుటకు, నీరు తెచ్చుటకు మరికొంత ఖర్చగును. ఐనను రెండింటి నడుమ వ్యత్యాసము ఎచటికి పోవుచున్నదో ఈ లెక్క చూపును. ఎకరములలో కొని గజములలో ఇచ్చు పని పంచాయతీయో, సహకారసంఘమో, గృహనిర్మాణ సంస్థయో చేసినచో ఆ వ్యత్యాసము కుటుంబమునకు మిగులును. 38 కుటుంబములకు ఒక ఎకరము. ఇందల్వాయి వంటి ఊరిలో స్థలము లేనివారికి కావలసిన నేల వందల ఎకరములు కాదు. బస్సుదారికి నడచిపోవు దూరములో కొన్ని ఎకరములు మాత్రమే.

ఇట్టి స్థలమును ఇచ్చునపుడు స్త్రీ పేరిట ఇచ్చుట మేలు. కొన్నేండ్లవరకు అమ్మరాదన్న నియమమును ఉండవలెను. లేనిచో గజము ధర ఎక్కిన మరుసటి ఏడే ఆ స్థలము చేతులు మారును. ఇది పేదవానిపై అపనమ్మకమని కొందరందురు. వైద్యమునకో, పెండ్లికో అప్పుపడి అమ్ముకొనినవానికి రెండవమారు స్థలము దొరకదు గనుక, ఆ నియమము వానికి కంచెవంటిదని మా అభిప్రాయము.

2025 జనవరిలో గ్రామసభలు పెట్టి దరఖాస్తుదారుల పేర్లు చదివిరి. మరల అట్టి సభ జరిగినప్పుడు, ఇల్లు లేని శ్రోతలు తమ పేరు చదివిరా లేదా అన్నది మాత్రమే గాక, ఏ జాబితాలో చదివిరో వ్రాసికొనవలెను. ఎల్-2 అని చదివినచో, ఆ జాబితావారికి ఏ సర్వే నంబరులో, ఎన్ని గజములు చూచిరో తహసీలుదారును సభలోనే అడుగవచ్చును. సమాధానము లేనిచో ఆ ప్రశ్ననే తీర్మానముగా వ్రాయించి, నకలు తీసికొని, దరఖాస్తు రసీదుతోను, బీడీకార్మికులైనచో గుర్తింపుకార్డుతోను కలిపి భద్రపరచుకొనవలెను.